ప్రింటు వేయించని ఊరు

జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం నుంచి రిటైర్ అయితే చాలామందికి ఇల్లు కూడా మారాలి. కద్మాలోనో, సోనారీలోనో, టెల్కో కాలనీలోనో పాతికేళ్ళు ముప్ఫై ఏళ్ళు కాపురమున్న క్వార్టర్ కంపెనీది. పెరట్లో మనం నాటుకున్న జామచెట్టు కూడా లెక్క ప్రకారం కంపెనీదే. తాళాలు అప్పగించే రోజు దగ్గరపడ్డాక అటక మీద సామాను ఒక్కొక్కటే కిందికి దిగుతుంది. ఇత్తడి గంగాళం, పిల్లల రిపోర్టు కార్డులు, పనిచేయని రేడియో, చివరికి ఒక బూట్ల డబ్బా. డబ్బా నిండా ఫొటో స్టూడియోల కవర్లు, కవర్లలో బటర్ పేపర్ మడతల మధ్య నెగెటివ్ ముక్కలు. ఆల్బమ్‌ని పట్టుచీరల మధ్య పెట్టి జాగ్రత్త చేస్తారు. కవర్లు మాత్రం ‘ఫొటోలు ఉన్నాయిగా, ఇవెందుకింక’ అనిపించుకుని పాత పేపర్ల మూటలోకి పోతాయి.

ఆ కవర్లని మూటలోంచి వెనక్కి తీయండి. ఆల్బమ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆల్బమ్‌లో ఉన్నవి ఏరి పెట్టినవి. ఏరేటప్పుడు అందం చూసింది కొంత, ఖర్చు చూసింది ఎక్కువ. రీలు కడిగించడానికి ఒక రేటు, ఒక్కో ప్రింటుకీ వేరే రేటు. పన్నెండింట్లో నాలుగో అయిదో వేయిస్తే గొప్ప. చిన్నది ఏడ్చింది, వద్దు. బావగారు కళ్ళు మూశారు, వద్దు. మనుషులెవరూ లేకుండా ఉత్త వీధి పడింది, దానికి డబ్బులు దండగ. అలా వద్దనుకున్నవన్నీ నెగెటివ్‌లో అలాగే ఉన్నాయి. యాభై ఏళ్ళు గడిచాక మనం వెతుక్కునేది వాటినే. ఏడ్చిన చిన్నది ఇప్పుడు అమ్మమ్మ. ఆ ఉత్త వీధిలోని పాత క్వార్టర్లు కొన్నిచోట్ల పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారు.

జంషెడ్‌పూర్ తెలుగిళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ తీయించుకున్న ఫొటో చాలాసార్లు ఇక్కడ ఉండేది కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాతతరం వాళ్ళు ఈ ఊరిని టాటా అనే అంటారు. ‘మా చిన్నాన్న టాటాలో ఉన్నాడు’ అంటే చాలు, ఇంకేమీ అడగక్కర్లేదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ రిజిస్టరైంది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ పోతపోశారు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ వచ్చిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్, నాటకాన్నీ సాహిత్యాన్నీ పేరులోనే పెట్టుకున్న ఏడీఎల్ సొసైటీ అలా వచ్చి స్థిరపడిన వాళ్ళు కట్టుకున్నవే. కానీ అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉండిపోయారు. రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా పోయే రైల్లో ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళు. మిగతా పదకొండు నెలలూ ఉత్తరాలే. బాబు పుట్టాడని, క్వార్టర్ మారామని, కొత్త సైకిలు కొన్నామని రాసి, కవర్లో ఒక ఫొటో పెట్టి పోస్టు చేసేవారు.

అంటే ప్రింటు బొబ్బిలి దగ్గర ఏ పెంకుటింటి గోడ మీదో ఉంది, నెగెటివ్ కద్మాలో డబ్బాలో ఉంది. ఆ పెంకుటిల్లు కూలి, గోడకున్న పటం ఎటు పోయిందో తెలియని కుటుంబాలు ఎన్నో. అలాంటి వాళ్ళకి ఇక దిక్కు ఈ బూట్ల డబ్బాయే.

డబ్బాలో ఏ రకం ఫిల్ము ఉందో చూస్తే ఇంటి ఆర్థిక చరిత్ర కొంత తెలుస్తుంది. చదరంగా, అరచేతిలో సగం ఉన్న నెగెటివ్‌లు 120 ఫిల్మువి. వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఒకప్పుడు మధ్యతరగతి ఇంటి కెమెరా. ఒక రీలుకి పన్నెండు బొమ్మలు, పెద్దగా సర్దుకోవలసిన మీటలేమీ లేవు. అందులో వేసేది తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో గానీ, ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ‘ఇందు’ గానీ. ఆ సర్కారీ కంపెనీ 1960లో పుట్టింది, ఇప్పుడు మూతపడింది. ఆ తర్వాత 35 ఎం.ఎం. పొడుగు పట్టీలు వస్తాయి. ‘ఖటాక్’ ప్రకటనతో ఇంటింటికీ తెలిసిన హాట్ షాట్, ఆ తర్వాత కొడాక్ కేబీ 10 కెమెరాలవి. నారింజ రంగులో కనిపించే పట్టీలు కలర్ నెగెటివ్‌లు. అట్ట చట్రంలో బిగించిన చిన్న రంగు బొమ్మలు దొరికితే అవి స్లైడ్‌లు. టెల్కోకి డైమ్లర్-బెంజ్‌తో 1954 నుంచి 1969 దాకా ఒప్పందం ఉండేది. ఆ రోజుల్లో జర్మనీ వెళ్ళొచ్చిన ఇంజినీరు ఇంట్లో స్లైడ్‌ల పెట్టె బయటపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పట్టీలో బొమ్మల వరస చాలా ముఖ్యం. పొదుపుగా వాడిన ఇంట్లో ఒక రీలు సంక్రాంతికి మొదలై ఎండాకాలం సెలవులకి గానీ అయ్యేది కాదు. ముగ్గు దగ్గర చెల్లెళ్ళు, ఆ పక్కన డిమ్నా చెరువు దగ్గర పిక్నిక్కు, ఆ తర్వాత మార్చి 3 దీపాలు. జంషెట్జీ టాటా పుట్టినరోజున ఊరంతా దీపాలు పెడతారు. జూబ్లీ పార్కులో ఆ రాత్రి ఫొటో తీయని కుటుంబం ఉండదేమో. మందకొడి ఫిల్ము, చేతిలో కదిలే కెమెరా, అంచేత బొమ్మంతా వెలుతురు గీతలే వచ్చి ఉంటాయి. ప్రింటు వేయించి ఉండరు. కానీ ఆ గీతల బొమ్మకి ముందున్నవి మార్చి 3కి ముందువి, తర్వాత ఉన్నవి ఆ తర్వాతివి అని మాత్రం నిక్కచ్చిగా చెప్పొచ్చు. అందుకే పట్టీలని విడివిడి బొమ్మలుగా కత్తిరించవద్దు. అంచు మీద అచ్చైన అంకెల వరసలోనే స్కాన్ చేయండి. ఫైళ్ళకీ ఆ వరసే పెట్టండి.

ఫొటో ఏ కాలానిదో తేల్చడానికి ఈ ఊరు ఇచ్చినన్ని ఆనవాళ్ళు మరో ఊరు ఇవ్వదు. వెనకాల జూబ్లీ పార్కు ఫౌంటెన్‌లు ఉంటే ఆ ఫొటో 1958 తర్వాతది. కంపెనీ యాభై ఏళ్ళ గుర్తుగా కట్టిన ఆ పార్కుని ఆ ఏడాది మార్చి 1న నెహ్రూ ప్రారంభించాడు. గేటు మీద టిస్కో అనే అక్షరాలు కనిపిస్తే అది 2005 ముందుది కావచ్చు, టెల్కో అయితే 2003 ముందుది. ఆ ఏళ్ళలోనే ఆ పేర్లు టాటా స్టీల్, టాటా మోటార్స్ అయ్యాయి. ప్రింటు దొరికితే తిరగేసి స్టూడియో ముద్ర చూడండి. ముద్రలో 831 తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాత చేయించినది. దేశంలో పిన్‌కోడ్‌లు మొదలైంది ఆ రోజే. ‘బీహార్’ అని ఉంటే 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడక ముందుదని అనుకోవచ్చు. పాత ముద్ర మార్చకుండా ఏళ్ళ తరబడి కొట్టిన పొదుపరి స్టూడియోలూ ఉంటాయి కాబట్టి ఒక్క ఆనవాలు చూసి తేల్చేయకండి.

చిన్న చదరపు ప్రింటులో ఇవేవీ కనపడవు. గేటు మీది అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. నెగెటివ్‌ని స్కాన్ చేసి తెర మీద పెద్దది చేస్తే గానీ చదవలేం. అప్పుడు ఫొటోలో నాన్నగారి కంటే నాన్నగారి వెనకాల ఉన్నదే ఎక్కువ మాట్లాడుతుంది. వరండా స్తంభం మీద క్వార్టర్ నంబరు, ఆరేసిన యూనిఫాం, ఎదురింటి ముందు రాజేసిన బొగ్గుల పొయ్యి. రోజూ చూసేదే కదా అని ఎవరూ వాటిని కావాలని తీయలేదు, పొరపాటున పడ్డాయి. ఊరి చరిత్రకి అవి చాలా పనికొస్తాయి.

సరే, ఎలా స్కాన్ చేయాలి? ముందు ఏ మెషీన్ కొనాలని అడుగుతారు. ముందు ఏదీ కొనక్కర్లేదు. ట్యాబ్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి వెలుతురు పూర్తిగా పెంచండి. దాని మీద నెగెటివ్ నేరుగా పెడితే తెర చుక్కలు కూడా ఫొటోలో పడతాయి. రెండు మూడు అంగుళాల ఎత్తులో, మధ్యలో కిటికీ కోసిన అట్టముక్క మీద నెగెటివ్ ఉంచి ఫోన్‌తో తీయండి. ఫోన్‌లోనే రంగులు తిరగేసే సౌకర్యం ఉంటుంది. నాణ్యత గొప్పగా ఉండదు, కానీ ఏ పట్టీలో ఏముందో ఒక ఆదివారంలో తెలిసిపోతుంది. ఈ మెట్టు దాటకుండా స్కానర్ కొన్నవాళ్ళు మూడో రీలు దగ్గర విసిగి మానేస్తారు.

ఎందుకు విసుగొస్తుందో లెక్క వేసి చూడండి. యాభై రీళ్ళు, రీలుకి 36 బొమ్మలు అనుకుంటే 1,800. దుమ్ము ఊది, బిగించి, స్కాన్ చేసి, పేరు పెట్టడానికి ఒక్కోదానికి మూడు నిమిషాలే అనుకున్నా తొంభై గంటల పని. అంచేత ఫోన్‌లో తీసిన నమూనాలు చూసి, ఏవి శ్రద్ధగా చేయాలో గుర్తు పెట్టుకోవడం మంచిది. సింహాచలం కొండ మీద తీసిన పదిహేను ఒకే రకం బొమ్మల్లో ఒకటి చాలు. మనుషుల్లేని వీధి బొమ్మ ఒక్కటుంటే దాన్ని మాత్రం వదలొద్దు.

స్కానర్ కొనాలనుకుంటే మూతలో దీపం ఉందో లేదో చూడండి. కాగితం మీది ఫొటోకి వెలుతురు పడి వెనక్కి రావాలి, ఫిల్ముకి వెలుతురు దాని గుండా రావాలి. ఆఫీసుల్లో వాడే మామూలు స్కానర్లకి ఆ దీపం ఉండదు. ఎప్సన్ వీ600 లాంటి వాటికి ఉంటుంది, అవి 120 ఫిల్మునీ పట్టుకుంటాయి. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8200 లాంటివి 35 ఎం.ఎం. బొమ్మల్ని ఇంకా బాగా చేస్తాయి గానీ క్లిక్ త్రీ నెగెటివ్ వాటిలో పట్టదు. డబ్బాలో ఏముందో చూడకుండా కొంటే ఇక్కడే దెబ్బ తింటారు. మంచి కెమెరా, మాక్రో లెన్స్ ఉన్నవాళ్ళు లైట్ ప్యానెల్ మీద నెగెటివ్ పరిచి, కెమెరాని స్టాండుకి కిందికి చూసేలా బిగించి తీసుకుంటే స్కానర్ కంటే వేగంగా పనవుతుంది. ఓపికుంటే అదే మేలు.

వీ600 లాంటి స్కానర్ల పెట్టె మీద 6,400 డీపీఐ, అంటే అంగుళానికి అన్ని చుక్కలు, అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆ స్కానర్ కటకం అంత వివరం నిజంగా అందించలేదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. 35 ఎం.ఎం. బొమ్మకి 2,400 పెడితే దాదాపు 77 లక్షల చుక్కలు వస్తాయి, ఇంట్లో ఏ అవసరానికైనా అది సరిపోతుంది. 120 చదరపు నెగెటివ్ వైశాల్యం దానికి మూడున్నర రెట్లు పైనే కాబట్టి 1,200 పెట్టినా 70 లక్షలు వస్తాయి. క్లిక్ త్రీ కటకం నడిమధ్యన తప్ప అంచుల్లో ఎలాగూ మసకే, అంతకంటే పెంచితే మసకే పెద్దదవుతుంది. అసలు కాపీ టిఫ్‌లో దాచి, బంధువులకి పంపేది జేపెగ్‌లో చేసుకోండి. పైన చెప్పిన 1,800 బొమ్మలూ టిఫ్‌లో దాదాపు 40 జీబీ, ఇవాళ్టి పెన్‌డ్రైవ్‌లో పట్టేంత. కానీ ఒక్క పెన్‌డ్రైవ్‌ని నమ్ముకోకూడదు. రెండో కాపీ హార్డ్ డిస్క్‌లో, మూడోది ఇంకో ఊళ్ళో చెల్లెలింట్లో ఉండాలి.

దుమ్ముని తుడిచే బాధ తప్పించడానికి కొన్ని స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్ ఏర్పాటు ఉంటుంది. కలర్ ఫిల్ములోని రంగులు ఆ కిరణాన్ని అడ్డుకోవు, దుమ్మూ గీతలూ అడ్డుకుంటాయి. ఆ తేడా పట్టుకుని యంత్రం మచ్చల్ని చెరిపేస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడింది, వెండి ఆ కిరణాన్ని ఆపేస్తుంది. ఆ ఏర్పాటు ఆపకుండా తాతగారి నెగెటివ్ పెడితే యంత్రం ఆయన మీసాన్ని కూడా మచ్చ అనుకోగలదు. నలుపు తెలుపుకి రబ్బరు బ్లోయరు, మెత్తటి కుంచె, ఓపిక తప్ప దారి లేదు.

కలర్ నెగెటివ్ నారింజ రంగులో ఉండేది పాడైనందువల్ల కాదు. రంగుల లోపాన్ని సవరించడానికి ఫిల్ము కంపెనీ వాళ్ళే ఆ ఛాయ పెట్టారు. ఊరికే తిరగేస్తే బొమ్మంతా నీలంగా వస్తుంది. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అనే భాగం ఈ పనికే ఉంది. పట్టీలో బొమ్మ లేని అంచుని చూపిస్తే ఆ నారింజని లెక్కగట్టి తీసేస్తుంది.

ఫిల్ము పట్టుకునేటప్పుడు మెరిసే వైపేదో మెరవని వైపేదో ముందు చూసుకోండి. మెరవని వైపు మందు పూత ఉంటుంది, అక్కడ వేలు తగిలితే ముద్ర ఉండిపోతుంది. అంచు మీది అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బొమ్మ కుడి ఎడమలు సరిగ్గా ఉన్నట్టు. పరధ్యానంగా పెడితే అమ్మ పైట కుడి భుజం మీదికి వెళ్తుంది. చూడగానే ఏదో తేడా ఉందనిపిస్తుంది, ఏమిటో తెలియదు.

ఇక వాతావరణం. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఎండ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెమ్మ, రెండూ ఫిల్ముకి పడవు. అటక అన్నిటికంటే చెడ్డ చోటు. పైకప్పు వేడంతా అక్కడే ఉంటుంది. కవరు తెరవగానే వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు కొడితే ఆ ఫిల్ము ఆధారమే కుళ్ళుతోందని అర్థం. అసిటేట్ విడిపోయి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతాదాన్ని ఇంకా తొందరగా పాడుచేస్తుంది, పక్క పట్టీలకీ అంటుతుంది. ఆగదు, వెనక్కి రాదు. అలాంటివి వేరుచేసి, వంకరపోక ముందే అన్నిటికంటే ముందు స్కాన్ చేయాలి. తెల్లటి సాలెగూడులా బూజు కనిపిస్తే తడిగుడ్డ పెట్టకండి. బూజు పట్టిన జెలటిన్ నీళ్ళలో కరిగిపోతుంది, బొమ్మ గుడ్డకి వచ్చేస్తుంది. వానాకాలం బూజు సరే, చలికాలం పొడిగాలిలో ఫిల్ము రుద్దితే విద్యుత్తు పుట్టి ఊళ్ళో దుమ్మంతా లాక్కుంటుంది. ఈ పనికి నా ఓటు దసరా వెళ్ళాక వచ్చే రోజులకే.

గోడ మీది పటాల విషయంలో ఒక హెచ్చరిక. బొట్టు పెట్టి దండ వేసిన పెద్దల పటాల్లో ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. ఊడదీయకండి, మొహం అద్దం మీద ఉండిపోతుంది. అద్దం బయటివైపు బొట్టు తుడిచి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి అద్దంతోనే ఫొటో తీయండి. పల్చటి చవక స్కానర్లు గాజుకి ఆనించిన కాగితాన్ని తప్ప దేన్నీ స్పష్టంగా చూడలేవు, పటం వాటి మీద పెడితే మసకే వస్తుంది.

ఈమధ్య ఫోన్లలో మంత్రంలా పనిచేసే యాప్‌లు వచ్చాయి. మసక మొహాన్ని పదును చేస్తాయి, నలుపు తెలుపుకి రంగులద్దుతాయి, బొమ్మ చేత కళ్ళార్పిస్తాయి. నాకు వీటి మీద నమ్మకం లేదు. ఫొటోలో లేని వివరాన్ని అవి కొన్ని లక్షల ఇతర మొహాలు చూసి ఊహిస్తాయి. ఊహించినది మీ నాయనమ్మ ముక్కు కాదు. చీర రంగు ఏదో ఆ యాప్‌కి తెలియదు, ఇంట్లో పెద్దక్కయ్యకి తెలుసు. సరదాకి చేసుకుంటే చేసుకోండి, అసలు ఫైలు మీద మాత్రం సేవ్ చేయకండి. అంచులు కత్తిరించకండి, బొమ్మల వరస చెప్పే అంకెలు వాటి మీదే ఉన్నాయి.

ఈ ఊరి పెద్ద ఫొటోలకి ఏ లోటూ లేదు. స్విస్ ఫొటోగ్రాఫర్ వెర్నర్ బిషోఫ్ 1951లో ఇక్కడికొచ్చి ఉక్కు కర్మాగారాన్ని తీశాడు, ఆ బొమ్మలు ఇప్పటికీ ప్రపంచమంతా చూస్తోంది. రూసీ మోదీ సెంటర్‌లో ఉన్న టాటా స్టీల్ ఆర్కైవ్స్ కంపెనీ చరిత్రని దాస్తోంది. కొలుములూ చిమ్నీలూ ప్రారంభోత్సవాలూ భద్రమే. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి లుంగీ కట్టుకుని వరండాలో కూర్చున్న బొమ్మ ఏ ఆర్కైవ్‌లో ఉంటుంది? 2010లో అనూషా యాదవ్ మొదలుపెట్టిన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ కుటుంబ ఫొటోలతోనే దేశ చరిత్ర చెప్పవచ్చని చూపించింది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళకి అలాంటి పని చేసుకోవడానికి మందిరమూ ఉంది, అసోసియేషన్ హాలూ ఉంది.

కష్టమల్లా పేర్ల దగ్గరే. ప్రింటు వెనక తెలుగులో రాసిన నాలుగు మాటలు ఇక్కడ పుట్టి హిందీ, ఇంగ్లీషు బళ్ళలో చదువుకున్న మనవలు చాలామంది చదవలేరు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం రాదు. అంచేత ప్రింటుని స్కాన్ చేసినప్పుడు వెనక వైపు కూడా చేయండి. ముందుది 014ఎ అయితే వెనకది 014బి. నెగెటివ్‌కి వెనక రాత ఉండదు కాబట్టి మనిషిని అడగాల్సిందే. తెర మీద బొమ్మ పెట్టి తాతయ్యని ‘ఈయనెవరు’ అంటే గుర్తు లేదంటారు. ‘ఇది మీ పాత క్వార్టరేనా తాతయ్యా, పక్కింట్లో ఎవరుండేవారు’ అంటే ఆ పక్కింటి వాళ్ళూ, వాళ్ళ డిపార్టుమెంటూ, వాళ్ళమ్మాయి పెళ్ళీ వరసగా వస్తాయి. చివరికి ఫొటోలోని ఆ మనిషి పేరు కూడా ఆ దారిలోనే దొరుకుతుంది.

ఇంకా బాగుండేది నలుగురు పెద్దవాళ్ళని కూర్చోబెట్టడం. ఉగాదికో శ్రీరామనవమికో హాల్లో ఒక మూల ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద ఈ స్కాన్‌లు వేస్తే చాలు. అది ఫలానా పెళ్ళి అని ఒకరంటారు, కాదు వాళ్ళ తమ్ముడి ఒడుగని ఇంకొకరంటారు, వాదన పెరుగుతుంది. ఆపకండి. ఒకరి మాట తప్పని తేల్చేలోపు పదిమంది పేర్లు బయటికొస్తాయి. ఫోన్‌లో రికార్డర్ నొక్కి బల్ల మీద పెట్టండి, బొమ్మ నంబరు ముందుగా గట్టిగా చెప్పండి. ఒక్క జాగ్రత్త, సీలింగ్ ఫ్యాన్ ఆపించండి. లేకపోతే ఇంటికెళ్ళి వింటే పేర్లకి బదులు ఫ్యాన్ హోరే ఉంటుంది.